రైళ్ల సమ్మె ముంచుకొస్తోందా? ముందు ఇంటికి చేరే దారి చూసుకోండి

సమ్మె నోటీసు వార్త రాగానే, శివారు నుంచి రోజూ లోకల్ రైల్లో వచ్చిపోయే వాళ్లందరి నోటా ఒకటే మాట: "ఆ రోజు డ్యూటీకి ఎలా వెళ్లాలి?" ఆ టెన్షన్ సహజమే. కానీ ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు, సమ్మె రోజున మనుషుల్ని నిజంగా దెబ్బతీసేది సాయంత్రం. పొద్దున ఎలాగోలా చేరిపోతారు. రాత్రికి ఇంటికి ఎలా రావాలో మాత్రం తేల్చుకోకుండానే గడప దాటతారు.

వార్తలు చూస్తుండండి, నీళ్ల సీసా పెట్టుకోండి, ఓపికగా ఉండండి లాంటివి మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ జోలికి పోను. జనం పదే పదే చేసే ఆ ఒక్క తప్పు గురించే ఎక్కువగా రాస్తాను.

పొద్దున ప్రయాణం ఎందుకు మోసం చేస్తుంది

పొద్దున జనం విడతలు విడతలుగా బయల్దేరతారు. కొందరు తెల్లవారకముందే స్టేషన్‌కి వస్తారు, కొందరు సెలవు పెట్టేస్తారు. ఇంట్లో ఎవరో ఒకరు బండి మీద దింపుతారు. ఒంట్లో ఓపిక కూడా ఉంటుంది. అరకొరగా నడిచే రైళ్లలోనే ఏదో ఒకటి దొరికేసరికి, "అనుకున్నంత కష్టమేం లేదే" అనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆ నమ్మకంతోనే సాయంత్రం గురించి ఆలోచించడం మానేస్తారు.

సాయంత్రం ఆఫీసులన్నీ ఇంచుమించు ఒకే గంటలో వదులుతాయి. పైగా సమ్మె రోజున నడిచే కొద్దిపాటి రైళ్లు కూడా తొందరగా ఆగిపోతాయి. 2022 జూన్ 21, 23, 25 తేదీల్లో బ్రిటన్‌లో జరిగిన రైల్వే సమ్మెనే తీసుకోండి. మామూలు రోజు నడిచే రైళ్లలో ఐదో వంతు మాత్రమే తిరిగాయి. అవీ పొద్దున 7:30 నుంచి సాయంత్రం 6:30 వరకే. సాయంత్రం 6:30కి ఆఖరి బండి బయల్దేరుతుందని కాదు దాని అర్థం. ఆ వేళకి పని ముగిసిపోవాలి. అందుకే దూరం వెళ్లే ఆఖరి బండ్లు అంతకు చాలా ముందే వెళ్లిపోయాయి. సిగ్నళ్లు చూసే సిబ్బంది కూడా సమ్మెలో ఉంటే, మిగిలిన కొద్దిమందితో పగటి షిఫ్టు ఒక్కటే నడపగలరు. రాత్రి బండి నడపడానికి మనిషే ఉండడు. ఇందులో ఎవరినీ తిట్టి లాభం లేదు.

అలాంటి ఒక సాయంత్రం స్టేషన్ గేటు దగ్గర చూశాను. షట్టర్ సగానికి దించేశారు. లోపల ఒకే ఒక్క ఉద్యోగి నిలబడి, వచ్చినవాళ్లందరికీ ఒకటే జవాబు చెబుతున్నాడు: ఆఖరి బండి వెళ్లిపోయింది. ఒకావిడ క్రెష్‌కి ఫోన్ చేసి, "ఇంకో గంట చూసుకోండమ్మా" అని బతిమాలుతోంది. మాట మధ్యలోనే ఫోన్ స్విచ్ఛాఫ్ అయిపోయింది. పక్కనున్నతను తన ఫోన్ ఇచ్చాడు. తీరా తీసుకున్నాక తెలిసింది, క్రెష్ నంబరు ఆమెకు నోటికి రాదు. పొద్దున ఆమె వచ్చింది ఆ స్టేషన్‌కే, సీటు కూడా దొరికిందట.

అందుకే చెబుతున్నాను. తిరుగు ప్రయాణం ఖాయం కాకుండా పొద్దున బయల్దేరకండి.

తిరుగు దారి ఖాయం చేసుకోవడం అంటే

"ఏదో ఒకటి దొరుకుతుందిలే" అనుకోవడం ఖాయం చేసుకోవడం కాదు. ఎన్ని గంటలకి, ఎక్కడి నుంచి, దేంట్లో, ఎవరితో అనే నాలుగు ప్రశ్నలకీ జవాబు ఉండాలి. ఒక్కదానికి లేకపోయినా మీకు దారి లేనట్టే.

ముందుగా మీ గడువు లెక్క వేసుకోండి. ఇంటికి ఎన్ని గంటలకల్లా చేరాలో అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఆఖరి బండి సమయం చూసి, దానికంటే ముందు రెండు బండ్లు వదిలేసి, మూడో దాన్ని మీ బండిగా పెట్టుకోండి. సమ్మె రోజున ఆఖరి బండిని నమ్ముకున్నవాళ్లే తలుపు దగ్గర వేలాడతారు. అది కిక్కిరిసి వస్తుంది, ఎక్కలేకపోతే వెనక ఇంకేమీ ఉండదు, అందుకని ఎలాగైనా ఎక్కాలని ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు.

రైలు లేకుండా వచ్చే దారి ఒకటి పెట్టుకోండి. దాన్ని సమ్మెకు ముందే, మామూలు రోజున, సాయంత్రం వేళ ఒకసారి ప్రయాణించి చూడండి. మ్యాపులో కనిపించే సమయం వేరు, బస్సు మారడానికి రోడ్డు దాటి అవతలి స్టాప్ వెతుక్కునే సమయం వేరు. 2014 ఫిబ్రవరిలో లండన్ భూగర్భ రైళ్ల సమ్మెతో చాలా స్టేషన్లు మూతపడి, జనం వేరే దారులు పట్టారు. ప్రయాణికులు గేటు దగ్గర చూపించే టికెట్ కార్డుల డేటాను పరిశీలించిన ఆర్థికవేత్తలకు తేలిందేమిటంటే, సమ్మె అయిపోయాక కూడా దాదాపు 5 శాతం మంది కొత్త దారినే కొనసాగించారు. రోజూ వెళ్లే దారే మంచిదని ఏళ్ల తరబడి అనుకున్నవాళ్లకి అంతకంటే మెరుగైనది అప్పుడు కనపడిందన్నమాట. మీకూ అలాంటిది ఉండొచ్చు. దాన్ని సమ్మె రోజు రాత్రి చీకట్లో కాకుండా ఇప్పుడే వెతకండి.

కారు పంచుకునేవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. పొద్దున ఎవరు ఎక్కించుకుంటారో మాట్లాడుకుంటారు, సాయంత్రం సంగతి మాట్లాడుకోరు. కారున్న మనిషికి మీటింగ్ లేటైతే మిగతా ముగ్గురూ ఏం చేయాలి? ఎంతసేపు ఆగాలి? ఎన్నింటికి ఆయన లేకుండా కదలాలి? మొహమాటం లేకుండా ముందురోజే అడిగేయండి. వీలైతే ఆఫీసు దగ్గర్లో ఉండే స్నేహితులకో బంధువులకో "అవసరమైతే ఆ రాత్రి మీ ఇంట్లో ఉంటాను" అని ఇప్పుడే ఒక మాట చెప్పి ఉంచండి. రాత్రి పదింటికి తలుపు కొట్టడం కంటే అదే మర్యాద.

ముందురోజూ, మర్నాడూ కూడా లెక్కలోవే

సమ్మె తేదీ ఒక్కటే చూసుకుంటే మోసపోతారు. 2025 మేలో అమెరికాలోని న్యూజెర్సీ ట్రాన్సిట్ అనే రవాణా సంస్థలో రైళ్లు నడిపే ఇంజనీర్లు 16వ తేదీ అర్ధరాత్రి దాటగానే సమ్మెకు దిగారు. అంతకుముందు రోజు రాత్రి 11:59 లోపే గమ్యం చేరుకొమ్మని సంస్థ ప్రయాణికులకు చెప్పింది. 18న, ఆదివారం, ఒప్పందం కుదిరింది. అయినా రైళ్లు మళ్లీ మామూలుగా తిరిగింది 20వ తేదీ మంగళవారం నుంచే. పట్టాలు, బోగీలు తనిఖీ చేయాలి, ఎక్కడివక్కడ నిలిచిపోయిన బండ్లను, సిబ్బందిని తిరిగి సరైన చోటికి చేర్చాలి. కాబట్టి ఒప్పందం కుదిరిందన్న వార్తకీ, మీ స్టేషన్‌కి బండి రావడానికీ మధ్య ఒక రోజు ఇట్టే గడిచిపోతుంది.

ఆ సంస్థే ముందుగా ఇంకో మాట కూడా చెప్పింది. ఎన్ని అదనపు బస్సులు పెట్టినా, రోజూ రైలెక్కేవాళ్లలో 20 శాతం మందినే మోయగలమని. "రైలు లేకపోతే బస్సు" అనుకునే ప్రతి ఒక్కరూ ఆ అంకె గుర్తుపెట్టుకోవాలి. ఐదుగురిలో నలుగురికి ఆ బస్సులో చోటు లేదు.

టైమ్‌టేబుల్ కూడా వారం ముందే తేలదు. ఫ్రాన్స్‌లో 2007 చట్టం ప్రకారం సమ్మెలో పాల్గొనే ఉద్యోగి 48 గంటల ముందు తెలపాలి, ప్రయాణికులకు ఏ బండ్లు ఉంటాయో 24 గంటల ముందు చెప్పాలి. చట్టం అంత గట్టిగా ఉన్నచోటే అసలు సంగతి ముందురోజు గానీ తెలియదంటే, మిగతా చోట్ల సంగతి వేరే చెప్పాలా? మూడు రోజుల కిందట ఎవరో పంపిన టైమ్‌టేబుల్ ఫొటోను నమ్మి బయల్దేరకండి.

ఆఫీసుతో ఇప్పుడే మాట్లాడండి

వర్క్ ఫ్రమ్ హోమ్ కుదిరేవాళ్లు అడిగి తీసుకోండి. అది కుదరని వాళ్ల గురించే నా బాధంతా. ఆసుపత్రుల్లో, దుకాణాల్లో, ఫ్యాక్టరీల్లో, సెక్యూరిటీ పనుల్లో ఉన్నవాళ్లు వెళ్లక తప్పదు. మీరు అడగాల్సింది ఒక్కటే: సాయంత్రం ఫలానా సమయానికి కచ్చితంగా వదిలేయాలని. పొద్దున లేటుగా రావడానికి అనుమతి చాలా ఆఫీసుల్లో సులువుగానే దొరుకుతుంది. దాంతో సంతృప్తి పడిపోకండి. లేటుగా వచ్చినందుకు లేటుగా వెళ్లమంటే మీకు ఒరిగిందేమీ లేదు. ముందుగా వెళ్లే అనుమతి అడగండి, మెసేజ్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట సాయంత్రానికి మారిపోతుంది. మీరే టీమ్‌ని నడిపేవాళ్లైతే ఆ రోజు మీటింగులు మధ్యాహ్నానికల్లా ముగించండి. దూరం నుంచి వచ్చేవాళ్లను అడగకముందే పంపించండి.

రోడ్డు ఎక్కేవాళ్లకి

రైలు ఆగితే ఆ జనమంతా రోడ్డు మీదే ఉంటారు. లాస్ ఏంజెలెస్‌లో 2003లో ప్రజా రవాణా సమ్మె 35 రోజులు సాగినప్పుడు హైవేల మీద ఆలస్యం సగటున 47 శాతం పెరిగిందని తర్వాత ఒక ఆర్థికవేత్త లెక్కగట్టాడు. జర్మనీలోని ఐదు పెద్ద నగరాల్లో జరిగిన 71 ఒక్కరోజు సమ్మెలను పరిశీలించిన మరో అధ్యయనంలో, ఆ రోజుల్లో వాహన ప్రమాదాలు 14 శాతం, ప్రమాదాల్లో గాయపడ్డవాళ్లు 20 శాతం పెరిగినట్టు తేలింది. రోజూ బండి నడపని వాళ్లు, దారి తెలియని వాళ్లు, టైమైపోతోందని కంగారు పడేవాళ్లు అంతా ఒకేసారి రోడ్డెక్కితే జరిగేది అదే. అందులోనూ సాయంత్రం అలసట తోడవుతుంది. పొద్దున రెండు గంటలు ట్రాఫిక్‌లో నడిపి, రోజంతా పనిచేసి, మళ్లీ రెండు గంటలు నడపాలంటే కళ్లు మూతపడతాయి. తిరిగి నడపగలనా అనేది పొద్దున స్టీరింగ్ పట్టుకునే ముందే ఆలోచించండి.

ఇక మిగిలినవి. ఒక్కొక్కటీ చేయండి.

పెట్రోలు రెండు రోజుల ముందే కొట్టించండి. ముందురోజు రాత్రి బంకుల దగ్గర క్యూలుంటాయి.

పిల్లల్ని తీసుకురావడానికి ఇంటి దగ్గరే ఉండే ఒకరి పేరు స్కూల్లో, క్రెష్‌లో ముందే రాయించండి. కొత్త మనిషి వస్తే వాళ్లు పిల్లల్ని పంపరు, పంపకూడదు కూడా.

నాలుగు ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఆ కాగితం క్రెష్‌కి ఫోన్ చేసిన ఆవిడ దగ్గర ఉండుంటే సరిపోయేది.

పవర్ బ్యాంక్ తీసుకెళ్లండి. ముందురోజు రాత్రి దాన్ని చార్జింగ్‌లో పెట్టండి.

రోజూ వేసుకునే మందులుంటే ఒక రాత్రికి, మర్నాటి పొద్దుటికి సరిపడా బ్యాగులో వేసుకోండి. బీపీ, షుగర్, ఇన్హేలర్, ఏదైనా సరే.

డయాలసిస్, కీమో, ఆపరేషన్ లాంటి అపాయింట్‌మెంట్ ఉంటే ఇప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేయండి. పరీక్ష లేదా విమానం ఉంటే ముందు రాత్రికే ఆ ఊళ్లో ఉండండి.

నడిచి రాగలం అనుకుంటే దూరం కొలిచి చూడండి. గంటకి 5 కిలోమీటర్ల లెక్కన 15 కిలోమీటర్లంటే మూడు గంటలు. ఆఫీసు చెప్పులతో కాదు.

పట్టాల వెంట నడవకండి. సమ్మె అని బండ్లన్నీ ఆగిపోవు. గూడ్సు వస్తుంది, ఖాళీ బండి వస్తుంది, టైమ్‌టేబుల్‌లో లేనిది వస్తుంది. చాలా చోట్ల పైతీగల్లో 25,000 వోల్టులుంటాయి, కొన్ని చోట్ల కరెంటు పట్టాల పక్కనే నేలమీద ఉంటుంది. సమ్మె అని కరెంటు తీసేయరు.

లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు కింద నుంచి దూరకండి. ఈ రోజు రైళ్లు లేవుగా అనకండి.

నిండిన బండి ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టకండి.

ముక్కూ మొహం తెలియని వాళ్ల కారులో రాత్రిపూట ఒంటరిగా ఎక్కకండి. ఎక్కాల్సి వస్తే నంబరు ప్లేటు ఫొటో తీసి ఇంటికి పంపాకే ఎక్కండి.

క్యాబ్ దొరికాక బేరం పెట్టి వదులుకోకండి. తర్వాతది దొరక్కపోవచ్చు.

స్టేషన్లో కనిపించిన ఉద్యోగి మీద అరవకండి. సమ్మె రోజున మీకు జవాబు చెప్పడానికి నిలబడ్డవాడు అతనొక్కడే. ఆఖరి బండి సంగతి అతనికే తెలుసు, నెమ్మదిగా అడగండి.

మంత్లీ పాస్, టికెట్లు పారేయకండి. నడవని రోజులకి డబ్బు వెనక్కిస్తారేమో కనుక్కోండి.

మధ్యాహ్నం భోజనం వేళ ఒకసారి తిరుగు బండ్లు చూడండి. రద్దయితే అప్పుడే లేవండి. ఐదింటిదాకా ఆగకండి. సగం పని మిగిలినా లేవండి.

ఇంట్లో వాళ్లకి ఒక గడువు చెప్పి వెళ్లండి: ఇన్నింటికల్లా ఫోన్ రాకపోతే ఎవరిని కదిలించాలో వాళ్లకి తెలియాలి.

తిరుగు ప్రయాణం ఖాయం కాకపోతే వెళ్లకండి. సెలవు పెట్టండి. జీతం కోత పడినా సరే.

ఇక ముందు రాత్రి పదకొండింటికి "సమ్మె వాయిదా" అని వార్త వస్తే, సంతోషంగా పడుకోండి. కానీ పెట్టిన అలారం తీయకండి, మాట్లాడుకున్న కారు వద్దనకండి. పొద్దున మీ లైన్లో మొదటి బండి కదిలిందని తెలిశాకే రద్దు చేయండి.