ఇద్దరు ఒకేసారి బిల్లు కొట్టినా స్టాకు లెక్క తప్పకుండా

పలాస జీడిపప్పు దుకాణాల వంటి చోట రెండు కౌంటర్లు ఒకే డేటాబేసు మీద నడుస్తున్నప్పుడు, ఇద్దరూ ఒకే క్షణంలో బిల్లు కొడితే స్టాకులో తేడా వస్తుంటుంది. నిల్వ 40 కిలోలని ఇద్దరికీ కనిపిస్తుంది. ఒకరు 10 తీసివేసి 30 అని, మరొకరు 5 తీసివేసి 35 అని రాస్తారు. చివర రాసినదే మిగులుతుంది కనుక 25 ఉండవలసిన చోట 35 నిలుస్తుంది.

నిల్వను చదివి, ప్రోగ్రాములో తీసివేసి, ఫలితాన్ని తిరిగి రాసే పద్ధతి మానేసి, ఒకే అప్‌డేట్ ఆజ్ఞలో “నిల్వ = నిల్వ − 10” అని రాయాలి. ఏ వరుస మారాలో చెప్పే దాని వేర్ (WHERE) షరతులో సరుకు నంబరుతో పాటు “నిల్వ >= 10” అని కూడా చేర్చాలి. ఆ తరువాత ఎన్ని వరుసలు మారాయో చూడాలి: 1 వస్తే సరుకు తగ్గినట్టు, 0 వస్తే చాలినంత సరుకు లేనట్టు. ఈ సంఖ్యను చాలామంది పట్టించుకోరు గాని, అసలు రక్షణ అందులోనే ఉంది.

బిల్లు పట్టికలో వరుస చేర్చడం, స్టాకు తగ్గించడం రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే జరిగితే రెండూ జరిగే, లేకపోతే ఏదీ జరగని ఒక కట్టలో ఉండాలి. 0 వచ్చినప్పుడు రోల్‌బ్యాక్ చేయాలి, అంటే అప్పటిదాకా చేసిన మార్పులను వెనక్కి తీసుకోవాలి. అయితే మైఎస్‌క్యూఎల్ (MySQL) డేటాబేసులోని పాత పట్టికలు ట్రాన్సాక్షన్లు లేని మైఐశామ్ (MyISAM) రకానివైతే రోల్‌బ్యాక్ పనిచేయక, సరుకు లేని బిల్లు అలాగే ఉండిపోతుంది. ట్రాన్సాక్షన్లు ఉన్న ఇన్నోడీబీ (InnoDB) రకం మైఎస్‌క్యూఎల్ 5.5 వెర్షన్ నుంచే డిఫాల్ట్ అయింది. కాబట్టి ముందుగా “షో టేబుల్ స్టేటస్”తో పట్టిక రకం చూసుకుని, అవసరమైతే బ్యాకప్ తీసుకున్నాకే ఇన్నోడీబీకి మార్చాలి.