సైకెడెలిక్ కంట్రీ రాక్ పాటలో ఎలక్ట్రానిక్ ధ్వనులు కలపడం ఎలా?

1968 జనవరిలో అమెరికన్ బృందం ది బర్డ్స్ విడుదల చేసిన 'ది నొటోరియస్ బర్డ్ బ్రదర్స్' ఆల్బమ్‌లో పెడల్ స్టీల్ గిటారూ ఉంది, మూగ్ సింథసైజరూ ఉంది. మొదటిది తీగల మీద లోహపు కడ్డీని జారుస్తూ, కాలి పెడళ్లతో శ్రుతి మారుస్తూ వాయించే వాద్యం, కంట్రీ సంగీతానికి ప్రాణం. రెండోది విద్యుత్తుతో ధ్వనులు పుట్టించే, అప్పుడప్పుడే స్టూడియోల్లోకి వస్తున్న యంత్రం. మరుసటి ఏడాది ఫ్లయింగ్ బర్రిటో బ్రదర్స్ బృందంలో స్నీకీ పీట్ క్లైనో తన పెడల్ స్టీల్‌ను ఫజ్ బాక్స్‌కు (నాదాన్ని చెదరగొట్టే పరికరం) కలిపి వాయించి, ఆ మెత్తని నాదానికి గరుకుదనం తెచ్చాడు. కంట్రీ, రాక్ బాణీలకు కలలాంటి వింత ధ్వనులు చేర్చే ఈ సైకెడెలిక్ కలయిక నాకు ఎంతో ఇష్టం. ఇంట్లో ఒక గిటారు, కంప్యూటర్, ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటారు, మైకులను కంప్యూటర్‌కు కలిపే పెట్టె), ఒక మైకు, హెడ్‌ఫోన్లు ఉంటే మీరూ ఇలాంటి పాట తయారు చేయవచ్చు. రికార్డింగ్‌కు రీపర్, గరాజ్‌బ్యాండ్ లాంటి ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరిపోతుంది.

1. యంత్రం లేకుండానే పాట నిలబడాలి

గిటారు, గొంతు మాత్రమే పెట్టి పాట పూర్తిగా పాడి చూడండి. అప్పుడు బాగుంటేనే ముందుకు వెళ్లండి. బలహీనమైన బాణీని సింథసైజర్ కాపాడలేదు. జి, ఎఫ్, సి కార్డులు (కలిసి పలికే స్వరాల గుంపులు) మూడూ చాలు. జి స్వరాన్ని షడ్జమం అనుకుంటే ఈ మూడు కార్డుల స్వరాలన్నీ హరికాంభోజిలోనివే. కైశికి నిషాదం మీద నిలిచే ఆ ఎఫ్ కార్డు వల్లే పాటకు తేలిపోతున్న గుణం వస్తుంది. కర్ణాటక సంగీతం కొంచెం నేర్చుకున్నవారు రాగాన్ని మనసులో ఉంచుకుని బాణీ కడితే పని సులువవుతుంది.

2. లయ

నిమిషానికి 80 బీట్ల వేగం పెట్టండి. డ్రమ్స్ కర్రలతో కాక బ్రష్‌లతో వాయించినట్టు ఉండాలి. బేస్ గిటారు ప్రతి కార్డుకూ మూలస్వరం, దాని పంచమం వాయిస్తే చాలు.

3. స్లైడ్ గిటారు

తొందరపడకుండా చేయాల్సిన పని ఇది. పెడల్ స్టీల్ ఖరీదైన వాద్యం, నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. మామూలు గిటారు మీద గాజు లేదా లోహపు స్లైడ్‌తో (వేలికి తొడిగే గొట్టం) దాని ఛాయ తీసుకురావచ్చు. ఆరో తీగను ఇ నుంచి డి స్వరానికి, ఐదో తీగను ఎ నుంచి జి స్వరానికి, మొదటి తీగను ఇ నుంచి డి స్వరానికి దించండి. దీన్ని ఓపెన్ జి శ్రుతి అంటారు. ఇప్పుడు స్లైడ్‌ను 12వ మెట్టు (ఫ్రెట్) మీద ఉంచితే జి, 5వ మెట్టు మీద సి, 10వ మెట్టు మీద ఎఫ్ కార్డు పలుకుతాయి.

స్లైడ్ సరిగ్గా మెట్టుకున్న లోహపు కడ్డీకి పైన ఉండాలి. మెట్ల మధ్యలో ఉంచితే శ్రుతి తగ్గుతుంది. స్లైడ్ వెనక మరో వేలితో తీగలను మృదువుగా తాకి ఉంచితే అనవసరపు చప్పుడు రాదు. చిత్రవీణ వాదన శ్రద్ధగా విన్నవారికి స్వరం నుంచి స్వరానికి జారే ఆ కదలిక కొత్త కాదు. అయితే ఇక్కడ గమకాలు తగ్గించి, నిదానంగా జారి, చేరిన చోట ఆగాలి.

పెడల్ స్టీల్ వాద్యకారులు కాలి కింది వాల్యూమ్ పెడల్‌తో మీటు శబ్దాన్ని దాచేసి, నాదాన్ని మెల్లగా పైకి తెస్తారు. ఎలక్ట్రిక్ గిటారు అయితే వాల్యూమ్ మరను చిటికెన వేలితో తిప్పుతూ మీరూ అలాగే చేయవచ్చు. అకౌస్టిక్ గిటారు అయితే రికార్డు చేశాక సాఫ్ట్‌వేర్‌లో వాల్యూమ్ గీత గీసుకోండి.

4. ఎకో

ఎకో పాట వేగంతో కలిసి నడవాలి. 60,000ను నిమిషానికి బీట్ల సంఖ్యతో భాగిస్తే ఒక బీట్ నిడివి మిల్లీసెకన్లలో వస్తుంది. 80 బీట్లకు అది 750. అందులో ముప్పావు వంతు, అంటే సుమారు 562 మిల్లీసెకన్లు స్లైడ్‌కు పెట్టి చూడండి. ప్రతిధ్వనులు మూడు నాలుగుకు మించితే మాటలు చెదిరిపోతాయి.

5. ఇప్పుడు సింథసైజర్

జి, డి స్వరాలు రెండే పట్టి పాటంతా ఉంచండి. తంబుర చేసే పనే ఇది. రెండు ఆసిలేటర్ల (సింథ్‌లో నాదం పుట్టించే భాగాలు) మధ్య 5 సెంట్ల (అర్ధస్వరంలో వందో వంతు ఒక సెంటు) తేడా ఉంచితే నాదం నెమ్మదిగా అలలు పోతుంది. లో-పాస్ ఫిల్టర్‌ను (పై ధ్వనులను తగ్గించేది) 700 హెర్ట్జ్ దగ్గర పెట్టి, దాన్ని కదిలించే ఎల్‌ఎఫ్‌ఓ (నెమ్మదిగా ఊగే ఆసిలేటర్) వేగం 0.1 హెర్ట్జ్ చేయండి. అప్పుడు ఫిల్టర్ పది సెకన్లకు ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది. అటాక్ (స్వరం పూర్తి బలానికి చేరే సమయం) రెండు సెకన్లు ఉంటే స్వరం ఎప్పుడు మొదలైందో వినేవారికి తెలియదు. 150 హెర్ట్జ్ కింది భాగాన్ని తీసేయండి, అది బేస్ గిటారు చోటు.

తర్వాత సింథ్ వాల్యూమ్‌ను ప్రత్యేకంగా వినిపించనంత వరకు తగ్గించండి. పాట మధ్యలో ఆ ట్రాక్‌ను ఆపి చూడండి. ఏదో ఖాళీ అయినట్టు అనిపిస్తే అదే సరైన మోతాదు. ఏమీ తేడా లేకపోతే రెండు డెసిబెల్‌లు పెంచండి. సింథ్ తనంతట తానుగా చెవిని పట్టుకుంటే మాత్రం వెంటనే తగ్గించండి, ఈ తరహా పాటలో ముందు నిలవాల్సింది గొంతు, తీగలు.

6. తిరగేసిన రివర్బ్

ఇది ఒకటి రెండు చోట్ల చాలు. చరణం మొదటి మాటను కాపీ చేసి వెనక్కి తిప్పండి. దానికి మూడు సెకన్ల రివర్బ్ (పెద్ద గదిలో లాంటి మారుమోగు) ఇచ్చి, రివర్బ్ ధ్వనిని మాత్రమే విడిగా రికార్డు చేసి, మళ్లీ తిప్పండి. అసలు మాటకు ముందు దాన్ని అతికిస్తే, గొంతు దూరం నుంచి ఉప్పొంగి వచ్చి మాటగా మారుతుంది.

7. మిక్సింగ్

గొంతు, బేస్, డ్రమ్స్ మధ్యలో. రిథమ్ గిటారు ఎడమకు, స్లైడ్ కుడికి. సింథ్‌ను రెండు వైపులా పరచండి. చివరగా మోనోలో (ఎడమ, కుడి ధ్వనులను ఒకటిగా కలిపి) విని, తర్వాత ఫోను స్పీకర్‌లో కూడా వినండి. మోనోలో సింథ్ సన్నబడిపోతే దాని స్టీరియో వెడల్పు తగ్గించండి. ఫోనులో స్లైడ్ మరుగున పడితే స్లైడ్‌ను పెంచకండి, రిథమ్ గిటారులో 1,000 నుంచి 2,000 హెర్ట్జ్ మధ్య భాగాన్ని రెండు మూడు డెసిబెల్‌లు తగ్గించి మళ్లీ వినండి.