తొలకరి రాత్రి కుంట గట్టున కప్పలను, సాలీళ్లను చూడటం ఎలా

రోహిణి ఎండలకు నెర్రెలు బారిన కుంటలో మృగశిర కార్తె వాన గట్టిగా కొట్టి నీళ్లు నిలిచాయంటే ఆ రాత్రే బయల్దేరండి. బోదురు కప్పల సందడి ఒకటి రెండు రాత్రులే ఉంటుంది. అప్పటిదాకా బురద రంగులో ఉన్న మగకప్పలు పసుపుపచ్చగా మారతాయి, గొంతుకు రెండు పక్కలా నీలి బుడగలు ఉబ్బుతాయి. జతకట్టడం అయిపోతే ఆ రంగు దిగిపోతుంది. ఆదివారం చూసుకొని పోదామనుకుంటే మిగిలేది గుడ్లూ తోకకప్పలే.

పెద్ద చెరువుకు పోవద్దు. నల్లగొండ అయినా పాలమూరు అయినా, చేపలున్న నీళ్లలో కప్పగుడ్లు బతికి బట్టకట్టడం కష్టం. అందుకే చాలా కప్పలు ఎండాకాలం ఎండిపోయే చిన్న కుంటలు, గుట్ట కింద బండల నడుమ నిలిచిన నీళ్లు, పొలం గెట్ల పక్క గుంతలు వెతుక్కుంటాయి. అమ్రాబాద్ పులుల అడవిలో రాత్రిపూట తిరగడానికి అనుమతి ఉండదు, దాని అవసరమూ లేదు. ఊరి కుంట చాలు.

ఆ చోటును పగలే ఒకసారి చూసి రండి. గోడ లేని వ్యవసాయ బావి ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. అడవిపందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ కట్టారేమో రైతును అడగండి. పాము కన్నా ముందు భయపడాల్సింది ఈ రెంటికే. ఒంటరిగా పోవద్దు. మోకాళ్ల దాకా వచ్చే గంబూట్లు, నిండు ప్యాంటు, చేతికర్ర, తలకు కట్టుకునే లైటు, నిండా ఛార్జింగ్ ఉన్న ఫోను ఉంటే సరిపోతుంది.

పొద్దుగూకే ముందే చేరితే కంచెల మీద, సర్కారు తుమ్మ కొమ్మల మీద ఎండుటాకులు చిక్కుకున్న మురికి బూడిదరంగు గూళ్లు కనబడొచ్చు. అవి గుంపుగా బతికే సాలీళ్లవి. చీకటి పడుతుంటే ఒక్కొక్కటే బయటికొచ్చి చిరిగిన వలను బాగుచేసుకుంటాయి. పెద్ద పురుగు చిక్కితే కలిసికట్టుగా లాక్కెళ్తాయి. కొమ్మ ఊపకుండా రెండడుగుల దూరంలో నిలబడితే అంతా కనిపిస్తుంది.

కుంటకు ముప్పై అడుగుల దూరంలో ఆగి లైటు ఆర్పి ఐదు నిమిషాలు వినండి. మీ అలికిడికి అరుపులు ఆగిపోతాయి. కదలకుండా ఉంటే ఒకటి మొదలుపెడుతుంది, వెంటనే మిగతావి అందుకుంటాయి. నీళ్లలోంచి వచ్చే బొంగురు గొంతు బోదురు కప్పది. దువ్వెన పళ్ల మీద గోటితో గీసినట్టు గరగరమంటే అది బొటనవేలి కొసంత చిన్న కప్ప. గడ్డి మొదట్లో ఎంత వెతికినా ఓ పట్టాన దొరకదు. కొమ్మ మీంచి టకటకమంటే చెట్టు కప్ప. దాని దగ్గర్లో నీటి పైకి వంగిన ఆకుకో, తొట్టి గోడకో తెల్లని నురగ ముద్ద ఉంటే అది గుడ్ల గూడు, వేలు పెట్టకండి. కొన్ని రోజులకు పిల్లలు అందులోంచి నీళ్లలోకి జారతాయి. నీళ్లలో నల్లపూసల దండల్లాంటి పొడుగాటి గుడ్ల తీగలు గోండ్రుకప్పవి.

తల లైటు కనుబొమల ఎత్తున ఉండాలి. చేతి టార్చి నడుము దగ్గర పట్టుకుంటే సాలీళ్ల కళ్లు కనబడవు, ఎందుకంటే కాంతి ఎటునుంచి పడిందో అటే వెనక్కి మెరుస్తుంది. గడ్డి మీద చూపు సారిస్తే ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తాయి. తల కదిపినా చుక్క నిలకడగా ఉంటే తోడేలు సాలీడు, మిణుకుమని మాయమైతే వాన చినుకు. ఒక్కోసారి ఒకే ఒంటి మీద పదుల చుక్కలు మెరుస్తాయి, అది పిల్లలను వీపున మోస్తున్న తల్లి. నేల మీద చూడదగ్గ వాటిలో దీన్ని మించింది లేదు.

కప్పల కోసం నీరుకట్టు పాములు వస్తాయి, కట్లపాము, రక్తపింజర కూడా తిరుగుతాయి. వెలుతురు పడని చోట అడుగు వేయొద్దు, చెయ్యి అసలే పెట్టొద్దు. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పసరు పోయడం వద్దు. ఉంగరాలు, కడియాలు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి విషానికి మందు ఉండే ప్రభుత్వాసుపత్రికి చేరండి.

కప్పలను పట్టుకోవద్దు. వాటి చర్మం నీళ్లను పీల్చుకుంటుంది, మీ చేతి దోమల క్రీమ్ దానికి విషమే. నక్షత్ర తాబేలు, రెండుతలల పాము ఎదురైతే ఫోటో తీసి వదిలేయండి. ఇంటికి తెస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఫోటోను జీవుల ఫోటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ సైట్లో పెట్టేటప్పుడు చోటును మరుగుపరిచే ఎంపిక తప్పక పెట్టండి, దొంగలు కూడా వాటిని చూస్తారు.

మరో కుంటకు పోయే ముందు బూట్ల బురద కడిగి పూర్తిగా ఆరబెట్టండి. కప్పల చర్మానికి పట్టే బూజు జబ్బు తడి మట్టితో కూడా ఒక నీటి నుంచి ఇంకో నీటికి పాకుతుంది.