చలి పొద్దున స్ప్రింట్ ట్రయాథ్లాన్: ముందు చేతివేళ్ళను కాపాడుకోండి

స్ప్రింట్ ట్రయాథ్లాన్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ట్రయాథ్లాన్లలో ఇది చిన్నది, మొదటిసారి చేసేవాళ్ళలో చాలామందికి గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది. చలికాలంలో పేరు ఇచ్చినవాళ్ళు అందరూ నీళ్ళ గురించే టెన్షన్ పడతారు. మనల్ని ఎక్కువగా దెబ్బకొట్టేది మాత్రం నీళ్ళలోంచి బయటికొచ్చాక వచ్చే పావుగంట. ఒళ్ళు తడి, బట్టలు తడి, పైగా సైకిల్ మీద గంటకి ముప్ఫై కిలోమీటర్ల ఎదురుగాలి. శరీరం గుండెనీ పొట్టనీ వెచ్చగా ఉంచుకోవడానికి ముందు చేతులకీ పాదాలకీ రక్తం తగ్గించేస్తుంది. వేళ్ళు కొంకర్లు పోయాయంటే హెల్మెట్ క్లిప్ పడదు, జిప్ ఎక్కదు, గేరు మారదు, అన్నిటికన్నా ముఖ్యంగా బ్రేకు మీద పట్టు ఉండదు. కాబట్టి నా మాట వింటే ఈ రేసుకి కాళ్ళ సంగతి తర్వాత, ముందు వేళ్ళు పనిచేసేలా చూసుకోండి.

హైదరాబాద్ లెక్కలోనే మాట్లాడుకుందాం. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున 12–15 డిగ్రీలు మామూలే, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు కొన్ని రాత్రులు పది కిందికీ పోతుంది. జనవరిలో సూర్యోదయం 6:45 ప్రాంతంలో. రోజు మొత్తంలో చలి ఎక్కువగా ఉండేది కూడా సరిగ్గా సూర్యోదయం వేళకే. అంటే రేసు ఆరున్నరకి మొదలైతే మీరు నీళ్ళలో దిగేదీ, తడి ఒంటితో సైకిల్ ఎక్కేదీ ఆ రోజుకల్లా చల్లటి గంటలోనే. పరుగుకి వచ్చేసరికి ఎండ మొహం మీద కొడుతుంది. పొద్దున మీకు కావలసిన బట్టలు, గంట తర్వాత వద్దనిపించే బట్టలు ఒకటే కాబట్టి, సులువుగా వేసుకుని సులువుగా తీసేసేవే ఎంచుకోవాలి.

రేసుకి మూడు నాలుగు వారాల ముందు నుంచి ఇంట్లోనే ఒక సాధన చేయండి, ఖర్చు లేదు. పొద్దున్నే ట్రై సూట్ (ఈత, సైకిల్, పరుగు మూడింటికీ వేసుకునే ఒకే బిగుతు డ్రెస్సు) వేసుకుని బకెట్ చన్నీళ్ళు చెంబుతో ఒంటి మీద పోసుకోండి, చేతులు బకెట్‌లో ఒకటి రెండు నిమిషాలు ముంచి ఉంచండి, ఆ తడితోనే డాబా మీదకి వెళ్ళి హెల్మెట్ పెట్టుకుని క్లిప్ వేయండి, సాక్సు తొడగండి, విండ్‌చీటర్ జిప్ పైకి లాగండి. ఏది ఎక్కడ తేడా కొడుతుందో అక్కడే తెలిసిపోతుంది. చాలామందికి జిప్ దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే ఆ చిన్న ఇనుప ముక్కని మొద్దుబారిన వేళ్ళు పట్టుకోలేవు. దానికి బొటనవేలు పట్టేంత తాడు ఉచ్చు ఒకటి కట్టేయండి, వేలు అందులో దూర్చి లాగితే చాలు. కింద జిప్‌ని కలిపే పని కూడా తప్పించుకోవాలి: ముందే కలిపి సగం దాకా ఎక్కించి పెట్టుకుంటే టీషర్టులా తల మీద నుంచి వేసుకోవచ్చు, కాకపోతే ఇది హెల్మెట్ పెట్టుకోకముందే చేయాలి. పల్చటి చేతిలేని జాకెట్ అయితే ఇంకా మంచిది, తడి చేతులు బట్టకి అతుక్కోవు.

సాక్సులు ముందే సగం చుట్టి షూలో పెట్టుకోండి. గ్లౌజుల లోపల టాల్కమ్ పౌడర్ చల్లితే తడి చెయ్యి జారుతూ వెళ్తుంది. సైకిల్ షూలకి ముందు గాలి రంధ్రాలు ఉంటే ఇన్సులేషన్ టేపు అంటించేయండి, చూడ్డానికి బాగోదేమో గానీ పాదాలకి చాలా తేడా తెలుస్తుంది. పరుగు షూలకి మామూలు లేసులు తీసేసి సాగే లేసులు వేయించుకోండి, రేసు మధ్యలో ముడి వేసే పని మీ వేళ్ళకి అస్సలు పెట్టకూడదు.

సైకిల్ సాధనకి నానక్‌రాంగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన 2023లో 23 కిలోమీటర్లతో తెరిచిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, పైన సోలార్ కప్పుతో, లైట్లతో. కార్ల భయం లేకుండా చీకట్లో, చలిలో తొక్కడం అలవాటు చేసుకోవడానికి అంతకన్నా మంచి చోటు నగరంలో నాకు తెలియదు. కనీసం రెండు మూడు సార్లు రేసు టైముకే లేచి అక్కడికి వెళ్ళండి, ఎనిమిదింటికి ఎండలో తొక్కి చలి రేసుకి సిద్ధమయ్యానంటే కుదరదు.

ఇక రేసు పొద్దున. తిండి రెండు, రెండున్నర గంటల ముందు అయిపోవాలి: రెండు మూడు ఇడ్లీలు, లేదంటే బ్రెడ్డు, అరటిపండు, మీ పొట్టకి అలవాటైనదే. ఇంత చిన్న రేసుకి దారిలో మింగే ఎనర్జీ జెల్లులు అక్కర్లేదు, సైకిల్ మీద ఒక సీసా నీళ్ళు చాలు. చలిలో మూత్రం ఎక్కువగా వస్తుంది, టాయిలెట్ దగ్గర లైను పెద్దగా ఉంటుంది, కాబట్టి త్వరగా వెళ్ళండి. ఫ్లాస్కులో అల్లం టీయో వేడినీళ్ళో తీసుకెళ్ళండి, అందులో సగం మీరు తిరిగి వచ్చాక తాగడానికి మిగల్చండి. మెడ, చంకలు ఒరుసుకోకుండా కొబ్బరినూనె రాసేవాళ్ళు గుర్తుంచుకోవాలి, అది 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, సీసాలోంచి రాదు, రాత్రే వెడల్పాటి డబ్బాలోకి తీసుకోండి. రాసుకున్నాక చేతులు తుడుచుకోండి, జిడ్డు గాగుల్స్‌కి అంటిందంటే ఈత మొత్తం మసకలోనే.

సైకిల్‌ని ర్యాక్‌లో పెట్టేశాక నీళ్ళలో దిగే చివరి నిమిషం దాకా స్వెటరు, మంకీ క్యాప్, సాక్సు, చెప్పులు ఒంటి మీదే ఉండాలి. ఫిట్‌గా కనిపించాలని ట్రై సూట్‌తో అరగంట నిలబడేవాళ్ళు ప్రతి రేసులోనూ ఉంటారు, వాళ్ళని చూసి మీరు స్వెటరు తీయకండి, ఆ అరగంటలో పోయిన వేడి మళ్ళీ సైకిల్ సగానికి గానీ రాదు. వార్మప్ నేల మీదే చేయండి: పది నిమిషాలు మెల్లగా పరుగు, చేతులు గుండ్రంగా తిప్పడం, చివర్లో కొంచెం వేగంగా. నీళ్ళలో వార్మప్ చేసి మళ్ళీ బయట తడిగా నిలబడాల్సి వస్తే అది చేయకపోవడమే మంచిది.

నీళ్ళ సంగతి. చన్నీళ్ళు ఒక్కసారిగా ఒంటికి తగిలితే ఊపిరి తనంతట తాను గుప్పున లోపలికి లాగేస్తుంది, తర్వాత రొప్పు, గుండె దడ. నీళ్ళు 15 డిగ్రీల కిందికి ఉంటే ఇది చాలా బలంగా వస్తుంది, మన కొలనుల్లో అంత ఉండదు గానీ అలవాటు లేనివాళ్ళకి ఇరవై దగ్గర కూడా ఊపిరి పట్టేస్తుంది. మొదటి అరనిమిషంలో ఎక్కువ, రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది. కాబట్టి దూకొద్దు. దిగే ముందు మొహం మీద, మెడ వెనక నీళ్ళు చల్లుకోండి, దిగాక మొహం నీళ్ళలో పెట్టి బుడగలు వదులుతూ పొడవుగా ఊపిరి బయటికి వదలండి. బయటికి వదలడం మీదే మనసు పెడితే లోపలికి తీసుకునేది దానంతట అదే సర్దుకుంటుంది. 50 మీటర్ల కొలనులో 750 అంటే 15 పొడవులు, మొదటి రెండూ కావాలనే మెల్లగా ఈదండి. పైన చెప్పిన చన్నీళ్ళ స్నానాలు ఇక్కడ కూడా పనికొస్తాయి, ఒళ్ళు కొన్నిసార్లు చలిని చూశాక ఈ ఉలికిపాటు తగ్గుతుంది.

చెవుల్లో చన్నీళ్ళు పోతే కొంతమందికి తల తిరుగుతుంది, బయటికొచ్చి పరిగెత్తేటప్పుడు తూలిపోతారు. అలాంటివాళ్ళు ఇయర్ ప్లగ్స్ పెట్టుకోవాలి. తలకి ఈత క్యాపులు రెండు పెట్టుకోవచ్చు, నిర్వాహకులు ఇచ్చింది పైన ఉంటే చాలు. ఒక మాట మాత్రం గట్టిగా చెప్తున్నా: ట్రయాథ్లాన్లలో జరిగిన మరణాల్లో ఎక్కువ భాగం ఈతలోనే జరిగాయి. బీపీ, గుండె సమస్య, ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా చన్నీళ్ళ రేసుకి పేరు ఇవ్వకండి. ఈదుతుండగా ఛాతీలో పట్టేసినా, ఊపిరి దారికి రాకపోయినా వెల్లకిలా తిరిగి చెయ్యి పైకెత్తండి. తాడునో పడవనో పట్టుకుని ఆగడం రూల్స్‌కి విరుద్ధం కాదు, దాన్ని పట్టుకుని ముందుకి జరగకూడదు అంతే.

1974 సెప్టెంబరులో అమెరికాలోని శాన్‌డియేగో, మిషన్ బే దగ్గర ఈ ఆట మొదటిసారి ఆ పేరుతో జరిగినప్పుడు పరుగు, సైకిల్ అయ్యాకే నీళ్ళలోకి దిగారట. చలి పొద్దునకి ఆ వరస హాయిగా ఉంటుందనిపిస్తుంది గానీ, అలిసిపోయిన ఒంటితో ఈదడం ప్రమాదం కాబట్టి ఈతే ముందు ఉండటం మంచిది.

ఈత చివరి పొడవులో కాళ్ళు కొంచెం గట్టిగా ఆడించండి, కాళ్ళలోకి రక్తం వస్తుంది. బయటికొచ్చి ట్రాన్సిషన్‌లోకి (సైకిళ్ళు, సామాను పెట్టుకుని ఒక ఆట నుంచి ఇంకోదానికి మారే చోటు) వెళ్ళాక మొదట చేతులు తుడుచుకోండి, తర్వాత ఛాతీ, తర్వాత పాదాలు. దీనికి పది సెకన్లు పోతాయని కక్కుర్తి పడొద్దు, చలి రేసులో అంత లాభసాటి పది సెకన్లు ఇంకెక్కడా దొరకవు. నీళ్ళు గాలికంటే పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడి లాగేస్తాయి, అందుకే తడి తుడవకుండా పైన ఎంత మంచి జాకెట్ వేసుకున్నా పెద్దగా ఉపయోగం ఉండదు. తర్వాత వరస ఇది: జాకెట్, హెల్మెట్, క్లిప్, సాక్సు, షూ, చివర్లో గ్లౌజులు. గ్లౌజులు ముందే వేసుకుంటే క్లిప్ పడదు. హెల్మెట్ క్లిప్ వేయకుండా సైకిల్‌ని ర్యాక్ మీద నుంచి కదిలిస్తే పెనాల్టీ పడుతుంది. నంబరు సైకిల్ మీద వెనక్కి, పరుగులో ముందుకి ఉండాలి, నంబరు తగిలించే రేస్ బెల్ట్‌ని జాకెట్ పైన కట్టుకోండి, లోపల ఉండిపోతే ఎవరికీ కనిపించదు. సైకిల్ ఎక్కేది మౌంట్ లైను దాటాకే.

మొదటి రెండు కిలోమీటర్లు తేలిక గేరులో కాళ్ళు వేగంగా తిప్పండి. బరువు గేరు వేస్తే వేగం పెరుగుతుంది గానీ గాలి ఎక్కువ కొడుతుంది, ఒళ్ళు వేడెక్కదు. వేళ్ళు హ్యాండిల్ మీద మడిచి తెరుస్తూ ఉండండి, ఒక్కో చెయ్యి నడుము వెనక్కి పెట్టి కాసేపు గాలి తగలకుండా ఉంచండి. మంచు పడి రోడ్డు తడిగా ఉంటుంది, మలుపుకి ఎప్పటికంటే చాలా ముందే బ్రేకు వేయండి, మొద్దుబారిన చెయ్యి ఎంత గట్టిగా నొక్కుతోందో మనకి సరిగా తెలియదు. పొగమంచు ఉంటే వెనక లైటు వెలుగుతూనే ఉండాలి. చలికి ముందువాడి వెనక దూరి గాలి తప్పించుకోవాలనిపిస్తుంది, డ్రాఫ్టింగ్ ఒప్పుకోని రేసుల్లో అది కుదరదు, మీ రేసులో ఎన్ని మీటర్ల ఎడం ఉండాలో ముందురోజు బ్రీఫింగ్‌లో వినండి. దాహం లేదని నీళ్ళు మానేయకండి, నాలుగు గుక్కలైనా తాగండి. చివరి కిలోమీటర్లో మళ్ళీ తేలిక గేరు, షూ లోపల కాలివేళ్ళు కదిలిస్తూ ఉండండి.

సైకిల్ దిగాక పాదాలు చెక్కముక్కల్లా ఉంటాయి, నేల తెలియదు. మొదటి కిలోమీటర్ చిన్న అడుగులు వేయండి, స్పీడ్ బ్రేకర్లూ గుంతలూ కళ్ళతో చూసుకుంటూ వెళ్ళండి. స్పర్శ తిరిగి వచ్చేటప్పుడు సూదులతో గుచ్చినట్టు ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. జాకెట్ టీ2లోనే (సైకిల్ నుంచి పరుగుకి మారే రెండో ట్రాన్సిషన్) వదిలేయండి, గ్లౌజులు ఉంచుకుని వేడెక్కాక జేబులో పెట్టుకోండి, రోడ్డు మీద పడేయకండి. ఇక్కడి నుంచి మీకు తెలిసిన 5 కిలోమీటర్ల పరుగే.

బయటి దేశాల్లో ఉన్నవాళ్ళకి రెండు మాటలు. బ్రిటన్‌లో వసంతకాలంలో జరిగే చిన్న రేసులు చాలావరకు వేడి కొలనులో 400 మీటర్ల ఈతతో ఉంటాయి, అక్కడ నీళ్ళు హాయిగానే ఉంటాయి, బయట అయిదారు డిగ్రీలు. తుడుచుకునే పని ఇంకా శ్రద్ధగా చేయాలి. సరస్సుల్లో ఈదేవాళ్ళకి వెట్‌సూట్, అంటే ఒంటికి బిగుతుగా పట్టే రబ్బరు ఈత సూట్ కావాలి. ఈ ఆట అంతర్జాతీయ సంఘం వరల్డ్ ట్రయాథ్లాన్ నియమాల ప్రకారం మనలాంటి ఏజ్ గ్రూప్ వాళ్ళకి (వయసుల వారీగా పోటీపడే మామూలువాళ్ళకి) 1500 మీటర్ల లోపు ఈతలో నీళ్ళు 16 డిగ్రీల కింద ఉంటే వెట్‌సూట్ తప్పనిసరి, 22 నుంచి పైకి ఉంటే వేసుకోనివ్వరు, 12 కింద ఉంటే ఈతే పెట్టరు. అమెరికాలో లెక్క వేరు, మీ రేసు నియమాలు చూసుకోండి. వెట్‌సూట్‌కి వాసెలిన్ మాత్రం రాయకండి, రబ్బరు పాడవుతుంది.

రేసు అయ్యాక మెడల్ ఫొటోల కోసం తడి బట్టల్లో నిలబడకండి. పరుగు ఆపిన పది నిమిషాల్లో చలి మళ్ళీ పట్టుకుంటుంది. లుంగీ ఒకటి సంచిలో పెట్టుకుంటే గది వెతుక్కోకుండా దాని చాటున బట్టలు మార్చుకోవచ్చు, ఆడవాళ్ళకి మెడ దగ్గర ఎలాస్టిక్ కుట్టించుకున్న పొడవాటి తువ్వాలు బాగా పనికొస్తుంది. పొడి బట్టలు, టోపీ, దాచుకున్న టీ. పక్కవాళ్ళెవరైనా గజగజ వణుకుతూ మాట తడబడుతుంటే, లేదా చేతిలోవి జారవిడుస్తుంటే వాళ్ళని ఒంటరిగా వదలకండి, మెడికల్ టెంట్‌కి తీసుకెళ్ళండి. టూవీలర్ మీద వచ్చినవాళ్ళు వణుకు పూర్తిగా తగ్గేదాకా బండి తీయొద్దు, ఎండలో కూర్చుని ఇంకో రెండు ఇడ్లీలు తిని బయల్దేరండి. ఇంటికి రాగానే షూల్లో పాత న్యూస్‌పేపర్ కుక్కండి, సైకిల్ చైను తుడిచి నూనె వేయండి.