సౌండ్ బాలేదు: లొకేషన్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

ఎడిట్‌కి కూర్చున్నాక "సౌండ్ బాలేదు" అనడం తేలిక. ఎలా బాలేదు? గుయ్ మంటోందా, గరగరలాడుతోందా, మాట పగిలిపోతోందా, దూరంగా వినిపిస్తోందా? లొకేషన్ సౌండ్ నేర్చుకునేవాళ్లకు ముందు రావాల్సింది ఈ తేడా చెప్పగలగడం. అది తెలీకుండా కనిపించిన నాబ్ అల్లా తిప్పితే పాత తప్పు అలాగే ఉంటుంది, దానికి కొత్తది ఒకటి తోడవుతుంది.

మాట నోటి నుంచి ఫైల్ దాకా వెళ్లే దారిని వరసగా చూసుకోండి: మాట్లాడే మనిషి, చుట్టూ ఉన్న చోటు, మైక్, కేబుల్ లేదా వైర్‌లెస్, రికార్డర్, కార్డు. ఒకసారికి ఒక్కటే మార్చండి. మైక్, కేబుల్ రెండూ కలిపి మార్చేస్తే సౌండ్ బాగుపడినా చెడింది ఏదో తెలీదు, ఆ చెడిన కేబుల్ మళ్లీ బ్యాగులోకే వెళ్తుంది. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ తప్పనిసరి. మీటర్ ఎంత సౌండ్ వస్తోందో చెబుతుంది గానీ, ఎలాంటి సౌండ్ వస్తోందో చెప్పదు.

మాట దూరంగా, బావిలోంచి వచ్చినట్టు ఉంది

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. దీనికి ఖరీదైన మైక్ కొనాలని చాలామంది అనుకుంటారు. తొంభై పాళ్లు కారణం దూరమే. మైక్‌కి, నోటికి మధ్య దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే మాట 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గోడలకు తగిలి వచ్చే ప్రతిధ్వని మాత్రం దాదాపు అంతే ఉంటుంది. గెయిన్ (వచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్) పెంచితే రెండూ కలిసే పెరుగుతాయి, కాబట్టి ఒరిగేదేమీ లేదు.

బూమ్‌ని (పొడవాటి కర్ర చివర కట్టిన మైక్) పైనుంచి, కాస్త ముందువైపు నుంచి, నటుడి నోటి వైపు గురిపెట్టి ఫ్రేమ్ అంచు దాకా దించండి. అంచు ఎక్కడో కెమెరామన్‌ని అడిగి తెలుసుకోండి, ఊహించుకోవద్దు. క్లోజప్‌లో మూరెడు, మూరెడున్నర దూరానికి రావచ్చు. మన ఇళ్లలో టైల్స్ నేల, కాంక్రీటు గోడలు, స్లాబ్ అన్నీ శబ్దాన్ని తిప్పికొట్టేవే. ఫ్రేమ్‌లో పడని నేల మీద బొంతలు పరిచి, ఎదురు గోడకు మందపాటి దుప్పట్లు వేలాడదీస్తే వెంటనే తేడా తెలుస్తుంది.

మైక్ రకం కూడా చూడాలి. సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 లాంటి షాట్‌గన్ (గొట్టంలా పొడవుగా ఉండే మైక్) ఆరుబయట బాగా పనిచేస్తుంది. చిన్న గదిలో మాత్రం పక్కల నుంచి వచ్చే ప్రతిధ్వని దాని పొడవాటి గొట్టంలో ఒకదానితో ఒకటి కొట్టుకుని మాట రంగు మారిపోతుంది. గది లోపల పొట్టి హైపర్‌కార్డియాయిడ్ మైక్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) మేలు.

వైడ్, క్లోజప్ రెండూ రెండు కెమెరాలతో ఒకేసారి తీస్తుంటే బూమ్ దగ్గరికి రాలేదు. అప్పుడు కాలర్ మైక్ (బట్టలకు తగిలించే చిన్న మైక్) పెట్టండి, లేదా టేక్ అయ్యాక అదే చోట మాటలు మాత్రం చెప్పించుకుని రికార్డ్ చేయండి. అడగడానికి మొహమాటపడొద్దు. రెండు నిమిషాల పని ఒక డబ్బింగ్ రోజును మిగులుస్తుంది.

గుయ్ మని ఒకటే మోత

ముందు హెడ్‌ఫోన్ తీసి ఉత్త చెవితో వినండి. అలా కూడా వినిపిస్తే అది గదిలోది: ఫ్రిజ్, ఏసీ, ట్యూబ్‌లైట్ చోక్, సీలింగ్ ఫ్యాన్. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారితే కొన్ని ఇళ్లలో ఫ్యాన్ మోతే మారిపోతుంది. షాట్ మధ్యలో అలా జరిగితే ముందు టేక్‌తో అతకదు. ఫ్యాన్ టేక్ జరిగేంతసేపు ఆపాల్సిందే, ఎండాకాలమైనా సరే. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళాలు అందులో పెట్టండి. తాళాల కోసం వెళ్లినప్పుడు స్విచ్ వేయడం గుర్తొస్తుంది, ఆ ఇంటివాళ్ల పాలు విరిగిపోవు.

హెడ్‌ఫోన్‌లోనే వినిపిస్తే అది వైర్లలోది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి మోత 50 దగ్గర, దాని రెట్లు 100, 150 దగ్గర ఉంటుంది. రికార్డర్‌ని గోడ ప్లగ్ నుంచి తీసి బ్యాటరీ మీద నడపండి. మోత ఆగితే చార్జర్ లేదా ఎర్తింగ్ దగ్గర గొడవ ఉంది, ఇక ఆ రోజంతా బ్యాటరీయే. ఆగకపోతే కేబుల్ చూడండి. ప్లగ్ లోహాన్ని వేలితో ముట్టుకున్నప్పుడు మోత పెరగడమో తగ్గడమో జరిగితే షీల్డ్ (లోపలి వైర్లను కప్పే లోహపు అల్లిక) తెగి ఉండొచ్చు. కేబుల్ మార్చండి, పాతదానికి ఎర్ర టేపు చుట్టి పక్కన పెట్టండి. కేబుల్ కూడా బాగుంటే అది వెళ్లే దారి చూడండి. లైట్ల పవర్ కేబుల్‌ని ఆనుకుని మైక్ కేబుల్ సాగితే మోత ఎక్కుతుంది. రెండింటినీ దూరం జరపండి. దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

మాట గట్టిగా వచ్చినప్పుడు పగిలిపోతోంది

డిజిటల్‌లో మీటర్ పైకొస సున్నా డెసిబెల్, అది దాటితే అలల తల తెగిపోతుంది, తర్వాత అతికించడం కష్టం. మామూలు సంభాషణ పీక్‌లు మైనస్ 20, మైనస్ 12 మధ్య ఆడేలా పెట్టుకోండి. రిహార్సల్లో నెమ్మదిగా చెప్పిన నటుడు టేక్‌లో అరవడం మామూలే, ఆ ఖాళీ అందుకోసమే. లిమిటర్ (హఠాత్తుగా పెరిగిన శబ్దాన్ని అణిచేది) ఆన్‌లో ఉంచండి.

మీటర్ ఎరుపు తాకకుండానే మాట పగులుతోందంటే, రికార్డర్ కంటే ముందే దెబ్బ పడిందన్నమాట. కాలర్ మైక్ ట్రాన్స్‌మిటర్ (నటుడి ఒంటి మీద ఉండి సిగ్నల్ పంపే పెట్టె) గెయిన్ ఎక్కువై ఉండొచ్చు. మిక్సర్ నుంచి వచ్చే లైన్ స్థాయి సిగ్నల్‌ని (మైక్ సిగ్నల్ కంటే చాలా బలమైనది) మైక్ ఇన్‌పుట్‌లోకి ఇచ్చి ఉండొచ్చు. 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ (సున్నా దాటిన శబ్దాన్ని కూడా తెగకుండా రాసుకునేది) ఉందని ధీమాగా ఉండేవాళ్లు ఇది గమనించాలి. అది తన దగ్గరికి చేరిన సిగ్నల్‌నే కాపాడుతుంది, ట్రాన్స్‌మిటర్‌లో తెగిపోయినదాన్ని తిరిగి తేలేదు.

కాలర్ మైక్ గరగర

ఇక్కడ ఓపిక కావాలి. గరగర మూడు చోట్ల పుడుతుంది: బట్ట మైక్‌కి రాసుకోవడం, బట్ట బట్టకే రాసుకోవడం, వైరు లాగుడు పడటం. తేల్చడానికి నటుడిని ముందు తల మాత్రమే తిప్పమనండి, తర్వాత చెయ్యి ఎత్తమనండి, తర్వాత నడవమనండి. మైక్ ఉన్న చోట బట్టని ఆయన్నే వేలితో అదిమి పట్టుకోమని మళ్లీ వినండి. గరగర ఆగితే మైక్ దగ్గరే తప్పు. ఆగకపోతే పైబట్టో, వైరో.

మైక్ దగ్గరైతే మెడికల్ టేపు ముక్కని జిగురు బయటికి ఉండేలా చిన్న త్రికోణంగా మడవండి. అలాంటివి రెండు చేసి, మైక్ ముందు ఒకటి, వెనక ఒకటి అతికించండి. మైక్ నెత్తి మాత్రం మూయకండి. ఇప్పుడు లోపలి బట్ట, మైక్, పైబట్ట మూడూ కలిసే కదులుతాయి, రాపిడికి చోటు ఉండదు. మైక్ కింద వైరుని చిన్న చుట్టుగా తిప్పి టేపు వేయండి. నడుము దగ్గర లాగుడు పడినా ఆ చుట్టులోనే ఆగిపోతుంది.

గంజి పెట్టిన నేత చీర, కొత్త పట్టుచీర చాలా చప్పుడు చేస్తాయి. కుచ్చిళ్లు పెట్టి పిన్ను గుచ్చిన భుజం మీద మైక్ పెట్టొద్దు. పమిట కింద, జాకెట్టు అంచున పెడితే నయం. నల్లపూసలు, గొలుసు వచ్చి మైక్‌కి తగులుతుంటే మైక్‌ని ఓ పక్కకు జరపండి, గొలుసుని లోపలివైపు నుంచి చిన్న టేపుతో నిలపండి. గాజుల సంగతి కాస్ట్యూమ్ వాళ్లతో ముందురోజే మాట్లాడుకోవాలి. నా ఉద్దేశంలో లుక్ టెస్ట్ రోజున సౌండ్ మనిషి కూడా అక్కడ ఉండాలి.

మైక్ ఎక్కడ పెడుతున్నారో, చెయ్యి ఎక్కడ తగులుతుందో ముందే చెప్పి, సరేనన్నాకే పెట్టండి. ఆడవాళ్లకు పెట్టేందుకు టీమ్‌లో ఒక అమ్మాయి ఉండటం మంచిది. ఇబ్బందిగా నిలబడిన మనిషి గొంతు కూడా బిగుసుకుపోతుంది.

వైర్‌లెస్ మధ్యమధ్యలో తెగిపోతోంది

మనిషి ఒళ్లు రేడియో సిగ్నల్‌ని మింగేస్తుంది. నటుడు వెనక్కి తిరగ్గానే తెగుతుంటే ట్రాన్స్‌మిటర్‌ని రెండో వైపుకి మార్చండి, రిసీవర్‌ని దగ్గరికి తెచ్చి నేరుగా కనిపించేలా పెట్టండి. యాంటెనా మడవొద్దు, చుట్టొద్దు. 2.4 గిగాహెర్ట్జ్ సెట్ అయితే యూనిట్ ఫోన్ల హాట్‌స్పాట్లన్నీ దానికి పోటీయే, ఆపించండి. బ్యాటరీ లంచ్ బ్రేక్‌లో మార్చేయండి.

చిటపటమని నూనె వేగుతున్న చప్పుడు

వానాకాలంలో, విశాఖ బీచ్‌లో, గోదావరి లంకల్లో కండెన్సర్ మైకులకు (లోపల విద్యుత్ చార్జ్‌తో పనిచేసేవి) ఇది వస్తుంది. లోపల తేమ చేరి చార్జ్ లీకవుతుంది. ఏసీ కారులోంచి తీసి వెంటనే వాడితే ఇంకా ఎక్కువ. అరగంట ముందే బయట పెట్టి వాతావరణానికి అలవాటు పడనివ్వండి, పెట్టెలో సిలికా జెల్ ఉంచండి. ఎంకేహెచ్ మైకులు రేడియో ఫ్రీక్వెన్సీ పద్ధతిలో పనిచేస్తాయి కాబట్టి తేమను బాగా తట్టుకుంటాయి. ప్లగ్ కదిపినప్పుడే చిటపటలాడితే మాత్రం అది తేమ కాదు, కేబుల్.

ఆరుబయట దబదబమని గాలి కొట్టుడు వినిపిస్తే ఫోమ్ చాలదు. బ్లింప్ (మైక్ చుట్టూ ఉండే గాలి ఆపే పంజరం), పైన బొచ్చు తొడుగు వేసి, 80 హెర్ట్జ్ కింది శబ్దాన్ని తీసేసే "లో-కట్" పెట్టండి.

పెదాలకూ మాటకూ కుదరడం లేదు

షాట్ మొదట్లో, చివర్లో తేడా కొలవండి. రెండు చోట్లా ఒకేలా ఉంటే జరిపితే సరి. పోనుపోను పెరుగుతుంటే రెండు గడియారాలు వేరుగా నడుస్తున్నాయి. గంటకు ఒకటో రెండో ఫ్రేములైతే కెమెరా, రికార్డర్ క్రిస్టల్స్ మధ్య సహజమైన తేడా. గంటకు 3.6 సెకన్లయితే ఎక్కడో ఫ్రేమ్ రేటులో (సెకనుకు ఎన్ని ఫ్రేములు) 24కి, 23.976కి పొరపాటు జరిగింది. గొంతు కూడా సన్నగానో బొంగురుగానో మారితే శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారో అది) 44.1, 48 కిలోహెర్ట్జ్ కలగాపులగం అయ్యాయి. ఫోన్‌తో తీసిన వీడియోకి ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, ఎడిట్‌కి ముందే స్థిరమైన రేటుకి మార్చుకోవాలి.

షూటింగ్ మొదలయ్యే ముందే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఫ్రేమ్ రేటు ఇంత అని కాగితం మీద రాసి కెమెరా వాళ్లకు ఒకటి, ఎడిటర్‌కి ఒకటి ఇవ్వండి. టైమ్‌కోడ్ (కెమెరా, రికార్డర్ ఫైళ్ల మీద పడే గడియారం అంకెలు) పొద్దున ఒకసారి, లంచ్ తర్వాత ఒకసారి కలపండి. అది ఉన్నా క్లాప్ కొట్టించండి.

బూమ్, కాలర్ విడిగా బాగున్నాయి, కలిపితే డొల్లగా ఉంది

శబ్దం మీటరు దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఒకే మాట రెండు మైకులకు వేర్వేరు సమయాల్లో చేరి ఒకదాన్నొకటి కోసుకుంటుంది. వేర్వేరు ట్రాకుల్లో రికార్డ్ చేయండి. ఎడిట్‌లో ఒకదాన్ని ఎంచుకోండి, లేదా అలలు కలిసేలా జరపండి. అప్పటికీ పలచగా ఉంటే ఒక ట్రాక్ పొలారిటీ తిప్పి (అలను తలకిందులు చేసి) చూడండి.

ఫైల్ తెరుచుకోవడం లేదు

రికార్డ్ అవుతుండగా బ్యాటరీ తీసేస్తే వేవ్ ఫైల్ హెడర్ (ఫైల్ వివరాలు ఉండే మొదటి భాగం) పూర్తవదు, లోపలి శబ్దం మాత్రం చాలాసార్లు అలాగే ఉంటుంది. ఆ కార్డు మీద ఇంకేమీ రికార్డ్ చేయకండి, ఫార్మాట్ అడిగితే వద్దనండి. అదే రికార్డర్‌లో పెట్టి ఆన్ చేయండి, కొన్ని మోడళ్లు తామే బాగుచేసుకుంటాయి. కాకపోతే కార్డుని కంప్యూటర్‌లోకి పూర్తిగా కాపీ తీసుకుని, ఆ కాపీ మీదే రికవరీ సాఫ్ట్‌వేర్ నడపండి. లొకేషన్ వదిలే ముందు రెండు డ్రైవుల్లోకి ఎక్కించి, ఒక్కో ఫైల్ చివరి పది సెకన్లు విన్నాకే కార్డు ఖాళీ చేయండి.