మ్యాప్‌ల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో పెద్ద ఫైల్ నత్తనడక నడుస్తోందా?
జిల్లా మొత్తం సర్వే నంబర్ల షేప్‌ఫైల్ (మ్యాప్ డేటా దాచే పాత ఫైల్ రకం) తెరిచి కాస్త జూమ్ చేస్తే, టీ తాగి వచ్చినా ఇంకా గీస్తూనే ఉండేది. ముందు కింద కుడి మూలన రెండర్ (తెర మీద మ్యాప్ గీయడం) టిక్ తీసేసి ఆ ఫైల్‌ని లేయర్‌గా కలపండి. లేయర్ మీద రైట్ క్లిక్, ఎక్స్‌పోర్ట్, సేవ్ ఫీచర్స్ యాజ్‌లో జియోప్యాకేజ్ అనే ఫైల్ రకం ఎంచుకుంటే స్పేషియల్ ఇండెక్స్ (ఏది ఎక్కడుందో త్వరగా వెతికే సూచిక) దానంతటదే వస్తుంది, షేప్‌ఫైల్‌కున్న 2 జీబీ పరిమితి గొడవా ఉండదు. పాత లేయర్ తీసేయండి. కొత్తదాని ప్రాపర్టీస్‌లో రెండరింగ్‌కి వెళ్లి స్కేల్ డిపెండెంట్ విజిబిలిటీలో మినిమమ్ 1:10000 పెడితే ఊరి దగ్గరికి వెళ్తేనే గట్లు కనిపిస్తాయి, జిల్లా అంతా చూసేటప్పుడు అవెలాగూ నల్లటి మచ్చే కదా. రెండర్ టిక్ మళ్లీ పెట్టండి (ఖాళీ తెర చూసి నేను కంగారుపడ్డా).

ఫైల్ మాత్రం సొంత డిస్క్‌లోనే ఉంచుకోండి, షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి ఇద్దరు ఒకేసారి ఎడిట్ చేస్తే లాక్ పడి సేవ్ అవ్వకపోవచ్చు.