శాంటా క్రూజ్ దీవి సముద్ర గుహల్లోకి కయాక్ టూర్: బుక్ చేసే ముందు, తెడ్డు పట్టే ముందు

కాలిఫోర్నియాలో శాంటా క్రూజ్ పేరుతో ఒక ఊరుంది, శాన్ హోసేకి దగ్గర్లో. మనం మాట్లాడుకునేది దాని గురించి కాదు. దక్షిణ కాలిఫోర్నియాలో వెంచురా తీరానికి ఎదురుగా, సుమారు 20 మైళ్ల దూరంలో సముద్రంలో ఉన్న శాంటా క్రూజ్ దీవి గురించి. 1980లో ఏర్పడిన ఛానెల్ ఐలాండ్స్ నేషనల్ పార్క్‌లో ఐదు దీవులున్నాయి, వాటిలో ఇదే పెద్దది. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియా నుంచి వచ్చేవాళ్లు తొందరలో మ్యాప్‌లో ఊరి పేరు నొక్కకుండా చూసుకోండి. పడవ టికెట్ మీద వెంచురా రేవు అనుందో, ఆక్స్‌నార్డ్ రేవు అనుందో కూడా చదవండి. పడవ మీకోసం ఆగదు. దీవికి తీసుకెళ్లే పడవ టికెట్, అక్కడ కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) టూర్ చాలాసార్లు విడివిడిగా బుక్ చేయాలి. టూర్ ఉండి పడవలో సీటు లేకపోతే ఆ రోజు పోయినట్టే.

ఇంకో మాట. రంగురంగుల గోడలున్న పెయింటెడ్ కేవ్ ఫొటోలు చూసి చాలామంది మోజుపడతారు. 1,200 అడుగులకు పైగా పొడవున్న ఆ గుహ దీవికి వాయవ్యాన ఉంది. మామూలు కయాక్ టూర్లు బయలుదేరేది తూర్పు వైపున్న స్కార్పియన్ ఆంకరేజ్ నుంచి. అవి పెయింటెడ్ కేవ్‌కి వెళ్లవు. స్కార్పియన్ చుట్టుపక్కల చిన్నా పెద్దా గుహలు బోలెడున్నాయి, అవి చాలు.

గుహ అనగానే మనకు బొర్రా గుహలు గుర్తొస్తాయి. అక్కడ కాళ్ల కింద నేల కదలదు. ఇక్కడ అడుగున ఉండేది సముద్రం, అది లేస్తూ దిగుతూ ఉంటుంది. పైకప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఈ రెండింటి మధ్య తల పెట్టుకుని కూర్చునే సరదా ఇది. అందుకే జాగ్రత్తలన్నీ నీళ్ల కదలిక చుట్టూ, నీళ్ల చల్లదనం చుట్టూ తిరుగుతాయి.

ఏ రోజు వెళ్లాలి

వేసవి, శరదృతువు మొదట్లో సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. మే, జూన్ నెలల్లో పొద్దున్నే పొగమంచు పట్టేసి ఎండ మధ్యాహ్నానికి గానీ రాదు. ఫొటోలకు బాగుండదు కానీ తెడ్డు వేయడానికి ఇబ్బందేం లేదు. తీరానికీ దీవికీ మధ్యనున్న ఛానెల్‌లో గాలి సాధారణంగా వాయవ్యం నుంచి వీస్తుంది, పొద్దున తక్కువ, మధ్యాహ్నం దాటాక ఎక్కువ. కాబట్టి ఎంచుకునే వీలుంటే ఉదయం టూరే తీసుకోండి. మొదటిసారి వెళ్లేవాళ్లకు మధ్యాహ్నం ఎదురుగాలిలో తెడ్డు వేస్తూ తిరిగి రావడం చాలా కష్టం.

అక్టోబర్ నుంచి మార్చి మధ్యలో శాంటా ఆనా గాలులు అప్పుడప్పుడు వస్తాయి. ఎడారి వైపు నుంచి సముద్రం మీదికి కొట్టే పొడి గాలులివి. మామూలు గాలికి స్కార్పియన్ తీరానికి దీవే కొంత అడ్డు నిలుస్తుంది. శాంటా ఆనా మాత్రం ఒడ్డు వైపు నుంచి నేరుగా వచ్చి కొడుతుంది. ఊళ్లో ఆకాశం నీలంగా, ఎండ వెచ్చగా ఉన్న రోజే అక్కడ సముద్రం భయంకరంగా ఉండొచ్చు. ఆ రోజు పడవ రద్దయిందని మెసేజ్ వస్తే బయట వాతావరణం చూసి వాదించకండి.

అల ఎత్తు ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. వాతావరణ సూచనల్లో ఎత్తు పక్కన సెకన్లలో ఇంకో అంకె ఉంటుంది. ఒక కెరటానికీ తర్వాతి కెరటానికీ మధ్య వ్యవధి అది. ఏడు సెకన్ల వ్యవధిలో వచ్చే మూడు అడుగుల అల నీటి మీద గలాటా చేసి పోతుంది. పదహారు సెకన్ల వ్యవధిలో వచ్చే మూడు అడుగుల అల ఎక్కడో దూరపు తుపానులో పుట్టి, చాలా లోతు వరకు నీటిని కదుపుతూ వస్తుంది. బయట నిలబడి చూస్తే రెండోదే నెమ్మదిగా కనిపిస్తుంది. ఇరుకు గుహలోకి దూరినప్పుడు దాని అసలు బలం తెలుస్తుంది. సముద్రంలో తేలుతూ అలలను కొలిచే బోయల నుంచి వచ్చే ఈ లెక్కలు అమెరికా వాతావరణ శాఖ సైట్లో ఎవరైనా చూడొచ్చు. చూడండి, కానీ నిర్ణయం మాత్రం గైడ్‌కే వదిలేయండి.

నా ఉద్దేశంలో ఈ టూర్‌లో మీరు డబ్బు కట్టేది కయాక్‌కి కాదు, ఆ మనిషి అంచనాకి. గైడ్ ఒక గుహ ముందు ఐదు నిమిషాలు ఊరికే ఆగి నీళ్లను చూస్తున్నాడంటే పని చేస్తున్నాడని అర్థం. అలలు ఒకే తీరుగా రావు. కాసేపు చిన్నవి, తర్వాత వరసగా కొన్ని పెద్దవి, మళ్లీ చిన్నవి. ఆ పెద్ద వరస వచ్చి పోయేదాకా ఆగకపోతే లోపల ఇరుక్కుంటారు. చూసి చూసి ‘ఈరోజు ఇందులోకి వద్దు’ అంటే అంతే. ‘ఇంత దూరం వచ్చాం, ఒక్కసారి ప్లీజ్’ అని బతిమాలడం మనవాళ్లకు అలవాటు. పదిమంది కలిసి అడిగితే మొహమాటపడే గైడ్ కూడా ఉంటాడు. అతన్ని ఆ స్థితిలో పెట్టకండి.

ఫారం నింపేటప్పుడు

‘ఈత వచ్చా?’ అన్న ప్రశ్న దగ్గర చాలామంది అబద్ధం చెప్తారు. రాదంటే వెనక్కి పంపేస్తారేమోనని భయం. లైఫ్ జాకెట్ ఉంటుంది కాబట్టి ఈత రానివాళ్లను కూడా చాలా టూర్లలో తీసుకెళ్తారు. కానీ ఎవరికి రాదో గైడ్‌కి తెలిస్తే వాళ్లను తన పక్కనే ఉంచుకుంటాడు, ఏ గుహకు తీసుకెళ్లాలో దాన్నిబట్టి మార్చుకుంటాడు. మొహం నీళ్లలో మునిగితే కంగారు పడిపోయే మనిషైతే ముందు ఒక నెల పాటు దగ్గర్లోని స్విమ్మింగ్ పూల్‌లో అలవాటు చేసుకుని వెళ్లడం మంచిది.

ఆస్తమా, ఫిట్స్, గుండె జబ్బు, ఒకసారి జారిన భుజం, ఈమధ్యే జరిగిన ఆపరేషన్, గర్భం ఇవేవీ దాచొద్దు. భుజం సంగతి చిన్నదిగా అనిపిస్తుంది కానీ తెడ్డు పనంతా దానిదే, పైగా అలకు తెడ్డు లాగేసినప్పుడు ఆ భుజమే మళ్లీ జారుతుంది. ఇన్‌హేలర్ ఉంటే ఒడ్డున బ్యాగులో కాదు, నీళ్లు చొరబడని సంచిలో మీతోనే ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లు గ్లూకోజ్ బిళ్లలు కూడా అందులోనే వేసుకోండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, అత్తమామల్ని తీసుకెళ్దామనుకుంటే వాళ్ల ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ఇలాంటి సాహస క్రీడలకు కవరేజీ ఉందో లేదో చదవండి. చాలా పాలసీల్లో ఉండదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మను ‘ఏం కాదులేమ్మా, ఎక్కు’ అని బలవంతం చేయకండి. పడవ మీద దీవికొచ్చి, కొండ మీద కాసేపు నడిచి, సముద్రం చూసి వెళ్లినా ఆ రోజు వృథా కాదు.

ఒంటి మీద ఏముండాలి

విశాఖ బీచ్‌లో నీళ్లు దాదాపు 28 డిగ్రీలుంటాయి. ఇక్కడ వసంతంలో 13, 14 డిగ్రీలకు పడిపోతాయి, వేసవి చివర్లో కూడా సాధారణంగా 20 దగ్గరే ఆగిపోతాయి. ఇంత చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే మొదట జరిగేది గడ్డకట్టడం కాదు. మన ప్రమేయం లేకుండా నోరు తెరిచి గుక్క పీలుస్తాం. ఆ క్షణంలో మొహం నీటి కింద ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీళ్లే వెళ్తాయి. తర్వాత ఒక నిమిషం పాటు ఊపిరి అదుపులో ఉండదు. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా దెబ్బతినేది ఇక్కడే. మొహాన్ని నీటి పైన ఉంచేది లైఫ్ జాకెట్, చల్లదనం పట్టును తగ్గించేది వెట్‌సూట్, అంటే ఒంటికి అతుక్కుని ఉండే రబ్బరులాంటి సూట్. ఎండగా ఉందని వెట్‌సూట్ వద్దనకండి. గాలిని చూసి కాదు, నీళ్లను చూసి బట్టలు వేసుకోవాలి.

జీన్స్, కాటన్ టీషర్ట్, చున్నీ వద్దు. కాటన్ తడిస్తే ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. వెట్‌సూట్ లోపల ఈత దుస్తులు, పైన విండ్‌చీటర్, కాళ్లకు పాత స్పోర్ట్స్ షూస్ చాలు. హవాయి చెప్పులైతే మొదటి అలకే పోతాయి. లైఫ్ జాకెట్ పట్టీలన్నీ బిగించాక పక్కవాళ్లను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. అది చెవుల దాకా జారి వచ్చిందంటే ఇంకా వదులుగా ఉన్నట్టే. హెల్మెట్ కూడా అంతే, నుదురు కప్పేలా ఉండాలి. జుట్టు పొడవుగా ఉంటే మెడ దగ్గర కిందికి ముడి వేసుకోండి. నడినెత్తిన కొప్పు ఉంటే హెల్మెట్ కూర్చోదు.

చల్లటి నీళ్లలో వేళ్లు సన్నబడతాయి. ఉంగరాలు జారిపోయేది అందుకే. మంగళసూత్రం, గొలుసులు తీసేయడానికి మనసొప్పకపోతే కనీసం వెట్‌సూట్ లోపలికి వేసి జిప్ పెట్టండి. కళ్లజోడుకి వెనక తాడు కట్టుకోండి. ఫోన్ ఒడ్డున వదిలేస్తే ఇంకా మంచిది. గుహలో చాలామంది బ్యాలెన్స్ తప్పేది ఫొటో కోసం తెడ్డు వదిలేసినప్పుడే.

గుహలో

టూర్లలో ఎక్కువగా ఇద్దరు కూర్చునే కయాక్‌లు ఇస్తారు. బరువు, బలం ఎక్కువున్నవాళ్లు వెనక కూర్చుని దిశ చూసుకోవాలి. ముందున్నవాళ్లు ఏ వేగంతో తెడ్డు వేస్తే వెనకవాళ్లు అదే పట్టుకోవాలి. భార్యాభర్తలు ఇందులో కూర్చుంటే పోట్లాట ఖాయమని గైడ్లు నవ్వుతూ ‘విడాకుల పడవ’ అంటారు. ‘నువ్వు సరిగా వేయట్లేదు’ అన్న గొడవేదో బయట, విశాలమైన నీళ్లలోనే తేల్చుకోండి.

గైడ్ సైగలు బయలుదేరక ముందే నేర్చుకోండి. సాధారణంగా తెడ్డు నిలువుగా ఎత్తితే రమ్మని, రెండు చేతులతో తల మీద అడ్డంగా పట్టుకుంటే ఆగమని, మూడు ఈలలంటే ప్రమాదమని. మీ గైడ్ పద్ధతి వేరైతే అదే పాటించండి. లోపల అలల హోరుకు మాట వినపడదు.

లోపలికి ఒక్కొక్క కయాకే వెళ్లాలి. కొన్ని గుహల్లోకి వెనక్కి తిప్పి పంపుతారు. విచిత్రంగా అనిపిస్తుంది కానీ కారణం ఉంది: మొహం సముద్రం వైపు ఉంటే వచ్చే అల కనిపిస్తుంది, బయటికి రావాలంటే నేరుగా తెడ్డు వేస్తే చాలు. పోటు సమయంలో నీళ్లు పైకొచ్చి తలకీ పైకప్పుకీ మధ్య ఖాళీ తగ్గుతుంది, అందుకే పొద్దున వెళ్లిన గుహలోకే మధ్యాహ్నం వద్దంటారు. గోడ దగ్గరికి జరిగిపోతుంటే చేత్తో తోయడం సహజంగా వచ్చే పని. అది మాత్రం చేయకండి. కయాక్‌కీ బండకీ మధ్య వేళ్లు నలిగేది అలాగే. తెడ్డుతోనే సర్దుకోండి. పక్కనుంచి అల వస్తే దానికి దూరంగా కాదు, దాని వైపే ఒరగాలి.

పడిపోతే? కయాక్‌ని వదలొద్దు, వీలైతే తెడ్డునీ. కయాక్‌కీ బండకీ మధ్యలో మీరు ఉండకూడదు, సముద్రం వైపు ఉండండి. ముందు ఊపిరి సర్దుకునేదాకా ఏమీ చేయకండి, జాకెట్ తేలుస్తుంది. గైడ్ వచ్చి కయాక్ పట్టుకుంటాడు. అప్పుడు కాళ్లు గట్టిగా కొట్టి బోర్లా పైకి పాకి, వెల్లకిలా తిరిగి, ఆఖర్న కాళ్లు లోపల పెట్టుకోవాలి. ఇది మొదటిసారి గుహ ముందు నేర్చుకునే విషయం కాదు. బయలుదేరే ముందు స్కార్పియన్ ఒడ్డు దగ్గర, లోతు తక్కువున్న చోట ఒకసారి చేసి చూపించమని గైడ్‌ని అడగండి.

సీల్స్, పక్షులు కనిపిస్తే దూరంగానే ఉండండి. గుహల్లో గూళ్లు పెట్టే సముద్రపు పక్షులున్నాయి. లోపల చిన్న ఇసుక తిన్నె కనిపించిందని దిగిపోవద్దు.

దీవి మీద, తిరుగు ప్రయాణంలో

దీవిలో కొట్టు లేదు, హోటల్ లేదు, ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోలేం. తిండి, పొడి బట్టలు, తువ్వాలు అన్నీ మనమే తీసుకెళ్లాలి. సంచిని విప్పి బయట పెట్టి వెళ్తే అక్కడి చిన్న నక్కలు, బొంత కాకులు సంగతి చూసుకుంటాయి. ఆ కాకులు జిప్పులు కూడా లాగేస్తాయి. ఒడ్డున గట్టి మూతల పెట్టెలు ఉంచారు, పులిహోర డబ్బా అందులో పెట్టండి.

పడవ ప్రయాణం గంటకు అటూ ఇటూ. పడవలో కడుపు తిప్పే అలవాటున్నవాళ్లు దానికి వేసుకునే మాత్ర డాక్టర్‌ని అడిగి, ఎక్కిన తర్వాత కాదు, గంట ముందే వేసుకోవాలి. ముందు రాత్రి పీకలదాకా బిర్యానీ, మందు పార్టీ పెట్టుకుంటే ఏ మాత్రా పనిచేయదు. పొద్దున రెండు ఇడ్లీలో, బ్రెడ్డో తినండి, ఖాళీ కడుపు కూడా మంచిది కాదు. తిరిగి వచ్చేది మధ్యాహ్నం గాలిలో కాబట్టి పడవ అప్పుడే ఎక్కువ ఊగుతుంది, చాలామందికి వాంతులయ్యేది అప్పుడే. తడి బట్టలు దీవిలోనే మార్చేసుకుని ఎక్కండి. ఎవరైనా ఆగకుండా వణుకుతూ, మాట తడబడుతుంటే అది అలసట అనుకోకండి. తడి బట్టలు తీసేసి, వెచ్చగా కప్పి, వెంటనే పడవ సిబ్బందికి చెప్పండి.

కడుపు తిప్పకుండా వేసుకునే మాత్రల్లో చాలావాటికి మత్తు ఉంటుంది. వెంచురా నుంచి లాస్ ఏంజెలెస్‌కి ట్రాఫిక్ లేకపోయినా గంటకు పైనే పడుతుంది. వచ్చేటప్పుడు కారు ఎవరు నడుపుతారో పొద్దున మాత్రలు పంచేటప్పుడే తేల్చుకోండి. ఆ మనిషి మత్తు మాత్ర వేసుకోకూడదు.